వైను చెడకుండ తొవ్వ జూపిన పాశ్చర్

చిలుకూరు దిక్కు పొద్దుగాల తాటిచెట్టు మీదికెళ్లి దించిన కల్లు తియ్యగ ఉంటది. అదే లొట్టి పొద్దుమీకేసరికి పుల్లగైతది. మర్నాడు నోట్లె పెట్టరాదు. ఈ తిప్పలు మన గౌడన్నలకే కాదు, నూటఅరవై ఏండ్ల కింద ఫ్రాన్స్‌ల ద్రాక్షరైతులకు గూడ ఉండె. వాళ్లకు తొవ్వ జూపినాయన లూయీ పాశ్చర్.

1822 డిసెంబర్ 27న దోల్ అనే ఊర్ల పుట్టిండు. తండ్రి తోళ్లు శుద్ధి చేసి బతికెటోడు. పాశ్చర్ పెరిగిన ఆర్బువా చుట్టూ ద్రాక్షతోటలే. 1863ల చక్రవర్తి మూడో నెపోలియన్ ఆయనకు కబురంపి, వైను ఎందుకు చెడుతున్నదో తేల్చమన్నడు. పాశ్చర్ ఆర్బువాకు పోయి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్క వైను బొట్టు పెట్టి చూసిండు. చక్కెరను మత్తుగ మార్చేది ఈస్టు. చెడిన వైనుల దాంతోపాటు వేరే సూక్ష్మజీవులు కనవడ్డయి. గాలి తగిలితే వైనును సిర్కా చేసేది గవే.

అందుకు ఆయన చెప్పిన ఉపాయం సాదాసీదాది. మూతవెట్టిన సీసాను 50 నుంచి 60 డిగ్రీల దాక వేడి చేయాలె. క్రిములు సస్తయి, రుచి పెద్దగ పోదు. మల్ల గాలి సొరకుండ బిరడా బిగించి, సల్లటి చీకటి జాగల పెట్టాలె. సీసాను అడ్డంగ పండవెడితే బిరడా ఎండిపోదు. 1865ల దీనికి పేటెంటు తీసుకున్నడు గని, పైసలకు ఆశపడకుండ అందరికీ ఇడిసిపెట్టిండు. 1866ల వైను మీద పుస్తకం అచ్చేసిండు.

గా ఏండ్లల్లనే ఇంట్ల సావు మీద సావు. 1859ల పెద్దబిడ్డ పోయింది. 1865ల తండ్రి, చిన్నబిడ్డ పోయిన్రు. 1866ల ఇంకో బిడ్డ పోయింది. 1868ల పక్షవాతమొచ్చి ఆయనకు ఎడమపక్క పడిపోయింది. అయినా ఆగలే. 1885ల పిచ్చికుక్క కరిసిన పోరనికి టీకా ఏసి బతికిచ్చిండు. 1895 సెప్టెంబర్ 28న కన్నుమూసిండు. ఇయ్యాల మన పాలప్యాకెట్ మీద ఉండే పాశ్చరైజ్డ్ అనే మాటల ఉన్నది ఆయన పేరే.

ఆయన కతల మనం చూడాల్సింది ఇంకోటున్నది. రైతు సరుకు చెడుతుంటే అక్కడి సర్కారు సైంటిస్టును పిలిచింది. మన దగ్గర 2023ల హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచిన్రు, మంచిదే. గని నీరా చెట్టు దిగినకాంచి సల్లగ ఉండాలె, లేకుంటే పులుస్తది. గా సల్లదనం చిలుకూరు అసొంటి ఊర్లల్ల తాటివనం కాడికే రావాలె. పానం పణంగ పెట్టి చెట్టెక్కిన మనిషి కష్టం మాపటికి నేలపాలు కావొద్దు.