బాబాసాహెబ్‌కు ఇంగ్లీషు ఎలా వచ్చింది?

సంక్షేమ హాస్టళ్ల నుంచి విశ్వవిద్యాలయాలకు వచ్చే మన విద్యార్థుల్లో చాలామందికి పాఠం అర్థమవుతుంది. పుస్తకమూ అర్థమవుతుంది. సెమినార్‌లో లేచి నిలబడేసరికి మాత్రం మాట పెగలదు. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం. ఆ నవ్వులో ఊరు, కులం, చదివిన బడి అన్నీ కలిసి ఉంటాయి. అంబేడ్కర్‌ అంటే మేధావి, ఆయనకొచ్చిన ఇంగ్లీషు మనకెక్కడ వస్తుందని వాళ్లు అనుకోవడం మేం తరచూ వింటున్నాం. అందుకే ఈసారి ఆయన జీవితాన్ని ఆ ఒక్క ప్రశ్నతోనే చదివాం: ఆయనకు ఇంగ్లీషు ఎలా వచ్చింది?

భీమ్‌రావు 1891 ఏప్రిల్ 14న మౌ సైనిక స్థావరంలో, మరాఠీ మాట్లాడే మహర్ కుటుంబంలో పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్‌పాల్ సైన్యంలో సుబేదార్. సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా కూడా పనిచేశారు. ఊరి బడి అంటరానివారికి తలుపు మూసేసిన రోజుల్లో ఆ ఇంటికి చదువు సైన్యం ద్వారా వచ్చింది. 1890లలో మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేశాక ఆ దారీ మూసుకుపోయింది. రామ్‌జీ తను సంపాదించుకున్న చదువునంతా పిల్లలకు ఇవ్వాలనుకున్నారు.

సతారా బడిలో భీమ్ మిగతా పిల్లలకు దూరంగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చునేవాడు. దాహమేస్తే కుళాయి తనంతట తాను ముట్టుకోకూడదు. ప్యూన్ వచ్చి తిప్పాలి. 1901లో అన్నతోనూ, అక్క పిల్లలతోనూ కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరాడు. మసూరు స్టేషన్‌లో దిగాక వాళ్ల కులం తెలిసి బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇస్తామని, బండి తామే తోలుకుంటామని ఒప్పుకున్నాక గానీ ఒక బండి దొరకలేదు. రాత్రి టోల్ వసూలు చేసే మనిషి దగ్గర భీమ్ తాము ముస్లిం పిల్లలమని చెప్పి, చక్కటి ఉర్దూలో నీళ్లడిగాడు. నీళ్లు దొరకలేదు. వెంట తిండి ఉన్నా తాగే నీళ్లు లేక పిల్లలంతా ఆకలితోనే పడుకున్నారు. మాట బాగా వచ్చినంత మాత్రాన గుక్కెడు నీళ్లు పుట్టవని ఆ పిల్లవాడికి చిన్న వయసులోనే తెలిసింది.

అయినా ఇంట్లో భాష నేర్పడం ఆగలేదు. హోవార్డ్ ఇంగ్లీషు రీడర్లు, తర్ఖడ్కర్ అనువాద పాఠాలు రామ్‌జీ దగ్గరుండి చదివించారు, కంఠతా పట్టించారు. ఒక మరాఠీ మాటకు ఇంగ్లీషులో సరిగ్గా అతికే మాట ఏదో వెతికించేవారు. ఈ పద్ధతిలో మరాఠీని పక్కన పెట్టాల్సిన పని లేదు. తెలిసిన భాషను ఆసరా చేసుకునే తెలియని భాషలోకి వెళ్లడం అది. మాతృభాష బాగా వచ్చినవాడికి ఆ వెతుకులాటలో బలం ఎక్కువ.

తర్వాత కుటుంబం బొంబాయి చేరి పరేల్ చాల్‌లో ఒక్క గదిలో కాపురం పెట్టింది. వంట, నిద్ర, చదువు అన్నీ అక్కడే. భీమ్ పెందలాడే పడుకునేవాడు. తండ్రి మేల్కొని ఉండి రాత్రి రెండు గంటలకు కొడుకును లేపేవారు. ఇల్లంతా నిద్రపోయిన ఆ వేళ దీపం ముందు చదువు సాగేది. కొడుకు పుస్తకం కావాలంటే రామ్‌జీ పెళ్లయిన కూతుళ్ల దగ్గరికి వెళ్లి అప్పు అడిగేవారు. డబ్బు లేకపోతే వాళ్ల నగ తెచ్చి కుదువపెట్టి, పెన్షన్ రాగానే విడిపించి ఇచ్చేవారు. బాబాసాహెబ్ ఇంగ్లీషులో ఆ అక్కల నగలకూ వాటా ఉంది.

ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో సంస్కృతం చదవాలనుకున్నా కులం వల్ల కుదరక పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. ఒకసారి మాస్టారు లెక్క చేయమని బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు పరుగెత్తి తీసేసుకున్నారు. తరగతి ముందుకు వెళ్లి నిలబడడమే ఆయనకు ఒక పరీక్ష. 1907లో మెట్రిక్, 1912లో బి.ఏ. పూర్తిచేశారు.

1913 జూలైలో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చేరారు. అప్పటికి 22 ఏళ్లు. పుస్తకాల ఇంగ్లీషు అక్కడ రోజువారీ మాటగా మారింది. అందరితో పాటు ఒకే బల్ల దగ్గర తినడం, హాస్టల్లో నవల్ భథేనాతో ఒకే చోట ఉండటం, తరగతిలో ప్రశ్న అడగడం ఇవన్నీ ఆయనకు కొత్త. మాట రావాలంటే అభ్యాసం ఒక్కటే చాలదు, మనిషిగా చూసి వినేవాళ్లూ ఉండాలి. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలో కులాలపై పత్రం చదివేనాటికి ఆయన వయసు 25. తన సమాజం తన మీద పెట్టిన నిషేధాలను పరాయి దేశంలో, పరాయి భాషలో, శాస్త్రీయంగా విశ్లేషించి చెప్పారు.

1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరారు. మొదట పెద్దగా లెక్కచేయని విద్యార్థులు త్వరలోనే ఆయన పాఠం కోసం ఎదురుచూశారు. ఇతర కాలేజీల వాళ్లూ వచ్చి వినేవారు. అదే కాలేజీలో ఆయన మంచినీళ్ల కుండ ముట్టుకోవడానికి తోటి అధ్యాపకులు కొందరు అభ్యంతరం చెప్పారు. ఇంగ్లీషు వస్తే కులం పోతుందని చెప్పేవాళ్లు ఆ కుండను గుర్తుంచుకోవాలి.

ఆయన ఇంగ్లీషును దేనికి వాడారన్నది ఇక్కడ ముఖ్యం. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు, 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో, తర్వాత రాజ్యాంగ సభలో తన ప్రజల హక్కులను ఇంగ్లీషులో వాదించారు. తన ప్రజలతో మాత్రం మరాఠీలోనే మాట్లాడారు. 1920 జనవరి 31న మొదలైన మూక్‌నాయక్, 1927లో వచ్చిన బహిష్కృత్ భారత్ మరాఠీ పత్రికలే. అదే ఏడాది మహాడ్ చెరువు దగ్గర జనాన్ని కదిలించిన ప్రసంగం మరాఠీలోదే. అధికారంతో తలపడటానికి ఒక భాష, వాడను మేల్కొలపడానికి ఒక భాష. ఒకదాని కోసం ఇంకోదాన్ని వదులుకోలేదు.

ఇంగ్లీషు నేర్చుకునే విద్యార్థి మొదట ఏం చదవాలని ఎవరైనా అడిగితే మేం వెయిటింగ్ ఫర్ ఎ వీసా అని చెబుతాం. మసూరు ప్రయాణం, బరోడాలో ఇల్లు దొరకని రోజులు అందులోనివే. అంటరానితనం రోజువారీ బతుకులో ఎలా పనిచేస్తుందో విదేశీయులకు తెలియాలని రాసిన చిన్న పుస్తకమది. వాక్యాలు సూటిగా ఉంటాయి. ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఏం అడిగారు, ఏం జవాబొచ్చింది, అంతే. డాక్టరేట్లు చేసిన మనిషి తన పాండిత్యాన్నంతా పక్కన పెట్టి అలా రాశారు. ఎదుటివాడికి విషయం చేరడమే ఆయనకు కావాల్సింది.

మనకు ఇంగ్లీషు కావాల్సిందీ అందుకే. స్కాలర్‌షిప్ ఎందుకు ఆగిందో అడగడానికి, ఇంటర్వ్యూలో తలెత్తి జవాబు చెప్పడానికి, కోర్టు కాగితంలో ఏముందో అమ్మానాన్నలకు తెలుగులో విప్పి చెప్పడానికి. రోజూ ఒక పేజీ పైకి చదువుదాం. తెలుగులో అనుకున్న నాలుగు మాటలు ఇంగ్లీషులోకి మార్చి చూద్దాం. హాస్టల్ గదిలో ఒకరితో ఒకరు మాట్లాడుకుందాం. తప్పు దొర్లితే దిద్దుకుందాం, నవ్వేవాళ్లను మాత్రం నిలదీద్దాం. రామ్‌జీలా రాత్రి రెండింటికి నిద్ర లేపే తండ్రి అందరికీ ఉండరు. మనలో ముందు నేర్చుకున్నవాళ్లు వెనక వచ్చేవాళ్లకు ఆ పని చేయాలి.

జై భీమ్.