ఓలే ఎవిన్‌రూడ్

2022వ సంవత్సరము జూలై మాసమున గోదావరి ఉప్పొంగగా మంథని వీధులలోనికి నీరు వచ్చెను. అట్టి వరదలు వచ్చినపుడు రక్షక దళములవారు రబ్బరు పడవలపై వచ్చి, మిద్దెలపై చిక్కుకొనిన ముసలివారిని, పిల్లలను ఒడ్డు చేర్చుట మీలో కొందరు చూచియుందురు. ఆ పడవకు తెరచాప లేదు. గడ వేయువాడు లేడు. వెనుక పలకకు తగిలించిన చిన్న యంత్రమొకటి దానిని ప్రవాహమునకు ఎదురుగా త్రోయుచుండును. పని తీరిన పిమ్మట దానిని ఊడదీసి మోసికొని పోవచ్చును. అవుట్‌బోర్డు మోటారు అను ఆ యంత్రమును సామాన్యులకు అందుబాటులోనికి తెచ్చినవాడు ఓలే ఎవిన్‌రూడ్.

అతడే మొదటివాడని చెప్పరాదు. 1881లో గుస్తావ్ త్రూవే అను ఫ్రెంచి దేశీయుడు విద్యుచ్ఛక్తితో తిరుగు మోటారును పడవకు తగిలించి పారిస్ నగరమున సేన్ నదిపై నడపెను. అమెరికాలో కామెరన్ వాటర్‌మన్ అనునతడు ఎవిన్‌రూడ్ కన్న కొలది సంవత్సరములు ముందుగనే పెట్రోలు యంత్రమును చేసి అమ్మెను. అయినను యంత్రభాగములను ఎవిన్‌రూడ్ అమర్చిన తీరే లోకమున నిలిచినది.

ఓలే 1877 ఏప్రిల్ 19వ తేదీన నార్వే దేశమున జన్మించెను. అతని కైదేండ్ల ప్రాయమున తలిదండ్రులు అమెరికాకు వలసపోయి, విస్కాన్సిన్ రాష్ట్రమున కేంబ్రిడ్జి అను ఊరి చెంత ఒక సరస్సు గట్టున వ్యవసాయము ప్రారంభించిరి. కొడుకు రైతు కావలెనని తండ్రి కోరిక. కొడుకు మనస్సు నీటి మీదను, యంత్రముల మీదను ఉండెను. బాలుడు దాచి చేసికొనిన తొలి పడవ కంటబడగనే తండ్రి దానిని పాడుచేసెననియు, అతడు పట్టు విడువక రహస్యముగ వేరొకటి చేసెననియు చెప్పుదురు. ఆ రెండవ పడవ సరస్సుపై చక్కగ సాగుట చూచిన పిమ్మట తండ్రి అడ్డు చెప్పలేదట.

ఓలే మూడవ తరగతితో బడి మానెను. ఇది విని మీరు సంతసింపవలదు! పదునారవ యేట మాడిసన్ నగరము చేరి, వ్యవసాయ యంత్రములకు సంబంధించిన కర్మాగారమున పనిచేయుచు, బడిలో నేర్వని గణితమును, యంత్రశాస్త్రమును తానే చదివి నేర్చుకొనెను. బడిలో అరగంట తప్పించుకొనినవాడు ఆ పాఠమును బయట ఎన్ని రాత్రులు మేలుకొని నేర్వవలెనో అతని కెరుకే.

పిమ్మట అతడు పిట్స్‌బర్గు ఉక్కు కర్మాగారములలోను, షికాగోలోను పనిచేసి, తుదకు మిల్వాకీ నగరమున నమూనాలు చేయు పనివాడుగ కుదిరెను. ఇది యెట్టి పనియో చెప్పవలెను. లోహమును పోతపోయుటకు ముందు ఆ వస్తువును కొయ్యతో చేసి, ఇసుకలో అదిమి, అచ్చు తీయుదురు. కరగిన లోహము చల్లారునపుడు కొంచెము కుంచించుకొనును గనుక కొయ్య నమూనా ఆ మేరకు పెద్దదిగ నుండవలెను. వెంట్రుకవాసి పొరపాటునకు వస్తువంతయు చెడును. రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో తండ్రులు కర్మాగారపు పనివారైన పిల్లలు ఇంటిలో అడిగినచో ఈ సంగతి మరింత బాగుగ తెలియును. అంగుళములో పాలును సయితము లెక్కచేయు ఈ అలవాటే ఎవిన్‌రూడునకు జీవితమంతయు ఉపకరించెను.

ఆ దినములలో బెస్ కేరీ అను యువతి అతని వ్యాపారపు ఉత్తరములు వ్రాసిపెట్టి సహాయము చేయుచుండెను. 1906 వేసవిలో వారు మిత్రులతో కూడి మిల్వాకీ సమీపమున నొక సరస్సునకు వనభోజనమునకు పోయిరి. ఎండ తీవ్రముగ నుండెను. బెస్ ఐస్‌క్రీము తినవలెనని ముచ్చటపడెను. ఓలే తెడ్లు వేసికొనుచు రెండు మైళ్ళకు పైగ సరస్సు దాటి, ఐస్‌క్రీము కొని, మరల అంత దూరము తెడ్లు వేసికొని వచ్చెను. అప్పటికది కరగి నీరైనది. చేతులు నొప్పియెత్తుచుండగా, పడవకు యంత్రమేల యుండరాదని అతనికి తోచినదట. ఆ సంవత్సరముననే వారికి వివాహమయ్యెను.

అతడు చేసిన తొలి యంత్రమును చూచి, ఇది కాఫీగింజలు విసరు మరవలె నున్నదని భార్య నవ్వెను. 1909లో అమ్మకమునకు వచ్చిన యంత్రము ఒకటిన్నర అశ్వశక్తి కలది. బరువు 62 పౌనులు, వెల 62 డాలర్లు. సిలిండరు అడ్డముగను, ఇరుసు నిలువుగను ఉండెను. నిలువు ఇరుసు నీటిలోనికి దిగి, అడుగున పళ్ళచక్రముల మూలమున ప్రొపెల్లరును త్రిప్పును. ఒక మిత్రుడు దానిని ఎరువు తీసికొనిపోయి, తిరిగి వచ్చునప్పటికి పది యంత్రములు కావలెనని కోరినవారి పైకమును కూడ తెచ్చెనని ప్రతీతి. పత్రికా ప్రకటనలు వ్రాయుట, ఉత్తరములు నడపుట, లెక్కలు చూచుట బెస్ వంతు. ఆమె ఉత్తరముల ఫలితముగ స్కాండినేవియా దేశముల జాలరులు సయితము ఆ యంత్రములను కొనిరి. భర్త చేసిన యంత్రమును లోకమునకు తెలిపినది ఆమెయే.

యంత్రము మంచిదైనంత మాత్రమున పడవ బాగుగ పోదు. మరమేకు ఒక చుట్టు తిరిగినపుడు కొయ్యలోనికి కొంత దిగును గదా! ప్రొపెల్లరు నీటిలో అట్లే సాగును. ఒక చుట్టునకు సాగవలసిన దూరమును మెకానిక్కులు పిచ్ అందురు. పిచ్ 12 అంగుళములైనచో వేయి చుట్లకు వేయి అడుగులు పోవలెను. కాని నీరు కొయ్య కాదు, జారును. కనుక పడవ లెక్కకన్న తక్కువయే పోవును. పిచ్ ఎక్కువైనది తేలిక పడవకు వేగమిచ్చును. దానినే బరువెక్కిన పడవకు తగిలించినచో యంత్రము మిట్ట నెక్కు బండియెద్దువలె రొప్పును. పిచ్ మిక్కిలి తక్కువైనచో యంత్రము మితిమీరి తిరుగును గాని పడవకు తగిన వేగము రాదు. ఎల్లప్పుడు మోయు బరువుతో పూర్తి వేగమున నడపినపుడు, తయారుచేసినవారు నిర్ణయించిన చుట్లు తిరుగునట్లు ప్రొపెల్లరును ఎన్నుకొనవలెను.

ఇక ఎత్తు సంగతి. నేటి యంత్రములలో ప్రొపెల్లరునకు పైగా అడ్డముగ ఒక లోహపు పలక యుండును. పైగాలి ప్రొపెల్లరును చేరకుండ అది ఆపును. ఆ పలక పడవ అడుగుతో ఇంచుమించు సమముగ నుండవలెను. యంత్రమును మిక్కిలి దించినచో నీటి ఒరపిడి హెచ్చి వేగము తగ్గును. మిక్కిలి ఎత్తినచో ప్రొపెల్లరు గాలిని పీల్చి వట్టిగ తిరుగును. అంతేకాక, చల్లబరచు నీరు చొచ్చు రంధ్రము పైకి తేలి యంత్రము కాగిపోవును. గోదావరి రేవులో నేనొకనాడు ఒక జాలరిని చూచితిని. అతని యంత్రము పెద్దగ అరచుచుండెను గాని పడవ కదలుట లేదు. అతడు యంత్రము క్రింద పెట్టిన కొయ్యముక్కను తీసివేసి, అంగుళమంత దించి బిగించెను. పడవ వెంటనే సాగిపోయెను.

పని భారముచే బెస్ ఆరోగ్యము చెడెను. అప్పుడు ఎవిన్‌రూడ్ చేసిన పని వ్యాపారులకు వింతగ తోచవచ్చును. 1914లో, కంపెనీ మంచి స్థితిలో నున్నపుడే, తన భాగమును భాగస్వామికి అమ్మివేసి, ఐదు సంవత్సరముల వరకు పోటీ వ్యాపారము చేయనని ఒడంబడిక వ్రాసి, భార్యాబిడ్డలతో దేశసంచారము చేసెను. కంపెనీ పేరు తన యింటిపేరే; యజమాని మాత్రము ఇతరుడు. నా యెరుకలో ఇట్టి ధైర్యము కలవారు అరుదు.

ఆ విశ్రాంతిలో కూడ అతని చేయి ఊరకుండలేదు. పాత యంత్రము బరువైనది. పడవ వెనుక భాగమును పడవవారు అమరము అందురు. అచట బరువు హెచ్చినకొలది అమరము క్రుంగి, ముందుభాగము పైకి లేచును. కుదిర్చిన ఎత్తు తప్పును. అందుచే అతడు అల్యూమినియముతో, రెండు సిలిండర్లతో, మూడు అశ్వశక్తులు గల యంత్రమును రూపొందించెను. శక్తి రెట్టింపైనను బరువు మునుపటికన్న సుమారు 14 పౌనులు తగ్గెను. దానిని మొదట తన పాత భాగస్వామికే చూపగా అతడు వలదనెను. దంపతులు మరల కొత్త కంపెనీ పెట్టి, 1921లో ఎల్టో అను పేరుతో దానిని అమ్మసాగిరి. అది మిక్కిలి ఆదరణ పొందెను. 1929లో ఎల్టో, పాత ఎవిన్‌రూడ్ కంపెనీ, లాక్‌వుడ్ అను మరియొక కంపెనీ ఏకమై, ఓలే వానికి అధ్యక్షుడయ్యెను. పదునైదేండ్లకు అతని పేరు గల కంపెనీ మరల అతని చేతికి వచ్చినది.

అంతలోనే ఆర్థిక మాంద్యము వచ్చి కొనువారు తగ్గిరి. 1933లో బెస్ మరణించెను. మరుసటి యేడు, 1934 జూలై 12వ తేదీన, ఏబదియేడవ యేట ఓలే కన్నుమూసెను. కుమారుడు రాల్ఫ్ వ్యాపారమును సాగించెను. పిమ్మట కంపెనీ పలువురి చేతులు మారినది. 2020లో ఎవిన్‌రూడ్ యంత్రముల తయారీ ఆగిపోయెను. ఇతర కంపెనీలవారి యంత్రములలో నేటికిని ఇరుసు నిలువుగనే నీటిలోనికి దిగి, అడుగున పళ్ళచక్రములచే ప్రొపెల్లరును త్రిప్పుచున్నది.