అక్షరం వెనుక ధ్వనిని వెదికిన డాక్టర్ జోర్

అమీర్‌పేట పొరుగునే ఉన్న పంజగుట్టలో ‘ఐవానె ఉర్దూ’ భవనం ఉంది. దాన్ని తలచుకుంటే గుర్తుకు వచ్చే మహనీయుడు డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్.

1905లో హైదరాబాద్‌లో జన్మించిన జోర్ ఉస్మానియాలో చదువుకున్నారు. లండన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది, పారిస్‌లో ధ్వనిశాస్త్రం అభ్యసించారు. హిందుస్తానీ ధ్వనులపై ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1930లో వెలువడింది.

లిపికీ ఉచ్చారణకూ గల సంబంధం ఏమిటి? తెలుగు నేర్చిన పిల్లవాడు అర్థం తెలియని మాటనైనా పైకి చదవగలడు. ప్రతి అచ్చూ గుణింతంలో కనిపిస్తుంది. ఉర్దూలో అలా కాదు. జేర్, జబర్, పేష్ గుర్తులను సాధారణంగా రాయరు. మీమ్, లామ్, కాఫ్ అనే మూడక్షరాలను ముల్క్ (దేశం), మలిక్ (రాజు), మలక్ (దైవదూత) అని చదవవచ్చు. మాట ముందే తెలిసినవాడు సందర్భాన్ని బట్టి సరిగా పలుకుతాడు. అరబీ రానివారు కూడా తప్పులేకుండా పఠించాలనే ఖురాన్ ప్రతుల్లో ఆ గుర్తులన్నీ ముద్రిస్తారు. మరోవైపు ఉర్దూలో జీమ్, జే వేర్వేరు అక్షరాలు. తెలుగులో రెంటికీ ‘జ’ ఒక్కటే. జోర్ పేరే అందుకు ఉదాహరణ!

పలుకుబడి తెలియనిదే పాత దక్కనీ రాతప్రతులను చదవడం కష్టం. హైదరాబాదీలు ‘ఖాఫ్’ అక్షరాన్ని ఉత్తరాదివారిలా గొంతు లోపలి నుంచి కాక, ‘ఖే’ లాగా పలుకుతారు. ఇలాంటి దక్కనీ నుడికారం ఎరిగిన జోర్, నగర నిర్మాత ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా కవితలను పరిష్కరించి 1940లో ప్రచురించారు.

1931లో ఇదారయె అదబియాతె ఉర్దూ సంస్థను నెలకొల్పారు. 1938లో ‘సబ్‌రస్’ పత్రిక ప్రారంభమైంది. ఉర్దూ నేర్చుకునేవారి కోసం సంస్థ పరీక్షలు నిర్వహించింది. చివరి రోజుల్లో కాశ్మీర్‌లో ఆచార్యులుగా పనిచేసిన జోర్, 1962 సెప్టెంబరులో శ్రీనగర్‌లో కన్నుమూశారు.

నేడు ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ తెలుగు, ఇంగ్లీషు మాత్రమే చదవగల పిల్లలు ఎందరో! వారి చెవిలో మాట ఇంకా ఉంది కనుక అక్షరం త్వరగా పట్టుబడుతుంది. ఆ మాట కూడా పోతే, అచ్చులు రాయని ఆ లిపి వారికి మూగదవుతుంది. మాట ఉండగానే అక్షరం నేర్పడం పెద్దల బాధ్యత కాదా?