సోడా దుకాణం సొమ్ముతో దంత కళాశాల

కలకత్తాలో 1920లో ఒక సోడా దుకాణం రాబడితో దంత వైద్య కళాశాల మొదలైందంటే ఇప్పుడు నమ్మడం కష్టం. దుకాణం పేరు న్యూయార్క్ సోడా ఫౌంటెన్. యజమాని డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. దేశంలో అదే తొలి దంత వైద్య కళాశాల.

అహ్మద్ 1890లో ఢాకా ప్రాంతంలో పుట్టారు. అలీగఢ్‌లో చదివి అమెరికా వెళ్లారు. 1915లో అయోవా విశ్వవిద్యాలయంలో దంత వైద్య పట్టా పుచ్చుకున్నారు. బోస్టన్‌లో పిల్లల దంత వైద్యశాలలో పనిచేసి, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక తిరిగొచ్చారు.

అప్పటికి ఇక్కడ పళ్లు పీకడం, కట్టుడు పళ్లు అమర్చడం చాలావరకు చూసి నేర్చుకునే చేతిపని. బజారులో పళ్లు కట్టేవారిలో నేర్పరులు లేకపోలేదు. కానీ బోసినోటి నుంచి తొలి అచ్చు తీయడం ఒక్కటే తీసుకున్నా కళాశాల ఎందుకు కావాలో తెలుస్తుంది. వేడినీళ్లలో మెత్తబడి, చల్లారితే గట్టిపడే కాంపౌండ్‌ను ట్రేలో పెట్టి నోట్లో అదుముతారు. అచ్చు చిగుళ్ల గట్టు వరకే పడితే చాలదు. పెదవి, బుగ్గల లోపలి మడతల దాకా, పైన అంగిలి వెనకంచు దాకా రావాలి. అందులో పోసిన ప్లాస్టర్ నమూనా మీదే ఆ మనిషి నోటికి సరిపడే రెండో ట్రే తయారవుతుంది. అసలు అచ్చు తీసేది దానితోనే. మొదట్లో అంచు తగ్గితే ఆ లోపం చివరిదాకా వెంటాడుతుంది. మాట్లాడుతుంటే పళ్ల సెట్టు ఊడివస్తుంది, ముద్ద నమిలితే చిగుళ్లు ఒరుసుకుపోతాయి. అచ్చు ఎక్కడిదాకా రావాలో తెలియాలంటే దవడ ఎముక, కండరాల గురించి చదువుకోవాలి.

మొదట్లో ఆ చదువుకు వచ్చినవాళ్లు కొద్దిమందే. వారిలో ఒకరు మహమ్మద్ అలీ జిన్నా చెల్లెలు ఫాతిమా. ఆమె 1923లో బొంబాయిలో క్లినిక్ తెరిచారు. అహ్మద్ 1925లో దంత వైద్య పత్రిక పెట్టారు, 1928లో విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం రాశారు. ఆయన పట్టుదలతో 1939లో బెంగాల్‌లో దంత వైద్యుల చట్టం వచ్చింది.

1948లో దేశమంతటికీ వచ్చిన చట్టం, కట్టుడు పళ్ల కోసం నోట్లో చేసే ఏ పనినైనా దంత వైద్యం కిందే లెక్కించింది. అంటే అచ్చు తీయడం కూడా. పట్టా లేకున్నా ఐదేళ్లుగా అదే వృత్తితో బతుకుతున్నవారికి వేరే జాబితాలో చోటిచ్చింది. అది న్యాయమే. ఊళ్లలో జనానికి అప్పుడు దిక్కు వాళ్లే కదా.

1949లో అహ్మద్ తన కళాశాలను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి ఇచ్చేశారు. తర్వాత బిధాన్ చంద్ర రాయ్ మంత్రివర్గంలో 1962 దాకా పనిచేశారు. 1964లో పద్మభూషణ్ అందుకుని, మరుసటి ఏడాది కన్నుమూశారు. ఆ కళాశాల ఆయన పేరుతోనే నడుస్తోంది. పేవ్‌మెంట్ మీద పళ్ల సెట్లు అమ్మేవారూ ఇంకా కనిపిస్తూనే ఉన్నారు.