సైకాలజీ విద్యార్థులూ.. మన సురవరం జీవితం నేర్పే పాఠం ఇదే!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో మనసు బాగోలేదని నేరుగా చెప్పేవాళ్లు తక్కువ. రంది పట్టుకుందంటారు. మనాది అంటారు. పానం మంచిగ లేదంటారు. ఈ మాటలు అర్థం కాని కౌన్సెలర్‌కి ఎన్ని టెస్టులు పెట్టడం వచ్చినా పని సగమే.

అందుకే జనాన్ని వాళ్ల భాషలో, వాళ్ల బతుకులో అర్థం చేసుకోవడం ఇప్పుడు సైకాలజిస్టుకి తప్పనిసరి నైపుణ్యం. ఆ పనిని జీవితాంతం చేసి చూపించిన మనిషి ఇక్కడివాడే. ఆయన సైకాలజిస్టు కాదు.. సురవరం ప్రతాపరెడ్డి!

వకీలు నుంచి ఎడిటర్‌గా..

సురవరం 1896 మే 28న పుట్టారు. సొంతూరు ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. మద్రాసులో బీఏ చదివారు, తర్వాత లా చేశారు. తెలుగుతో పాటు సంస్కృతం, ఉర్దూ, పారసీ, ఇంగ్లిష్ వచ్చు. ఉర్దూ రాజ్యమేలిన నిజాం కాలంలో, 1926లో తెలుగులో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు.

కోపం కాదు.. ఆధారం

తెలంగాణలో కవులే లేరన్న మాట ఆయన్ని కదిలించింది. తిట్టి ఊరుకోలేదు. ఊరూరి నుంచి వివరాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఒకరిపై ముద్ర వేసేముందు ఆధారం చూడాలన్నది సైకాలజీలోనూ మొదటి పాఠమే.

రాజులు కాదు.. జనం

ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆయన రాజుల యుద్ధాల కోసం చూడలేదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏం నమ్మారు అని పాత కావ్యాల్లో వెతికారు. కౌన్సెలర్‌కీ ఈ ఓపికే కావాలి. గాలి సోకిందంటూ వచ్చిన కుటుంబాన్ని చూసి నవ్వితే మళ్లీ రారు. అలాగని ఆ నమ్మకాన్నే జబ్బుకు కారణంగా ఒప్పుకోనక్కర్లేదు. ముందు వినాలి, తర్వాత సరైన చికిత్స వైపు నడిపించాలి.

వనపర్తి ఎమ్మెల్యే

1952లో సురవరం వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. మరుసటి ఏడాది ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో ఆ పుస్తకానికే సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులో అదే మొదటిది.

ఎక్కడో తయారైన ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి మార్కులు వేసేస్తే సరిపోదు. అది పాలమూరు మనిషికి సరిపోతుందా అని చూసుకోవాలి. లేదంటే తప్పు ముద్ర పడేది ఆ మనిషి మీదే.