ఊరూరి చరిత్రను పోగుచేసిన మెకంజీ

పావగడ తాలూకాలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, కచేరీకి వెళితే కన్నడంలో అర్జీ రాసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కర్ణాటకలోనే ఉన్నా మూడు వైపులా ఆంధ్ర నేల ఆనుకొని ఉన్న తాలూకా మనది. ఇలాంటి సరిహద్దు సీమలో ఒక ఊరి చరిత్ర తెలియాలంటే ఒక్క భాష చాలదు. గుడి దగ్గరి శాసనం పాత కన్నడంలో ఉండవచ్చు, ఆ గుడి గురించి పెద్దలు చెప్పే కథ తెలుగులో ఉండవచ్చు. ఈ సంగతి రెండు వందల ఏళ్ళ కిందటే గ్రహించి, దక్షిణాది భాషల రాతలను ఒకచోట చేర్చిన వ్యక్తి కర్నల్ కాలిన్ మెకంజీ.

మెకంజీ 1754లో స్కాట్లాండు పడమటి తీరాన ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నవే అనే రేవు ఊరిలో పుట్టారు. ఆ దీవి జనం మాట్లాడుకునేది గేలిక్ భాష, ప్రభుత్వ వ్యవహారం నడిచేది ఇంగ్లీషులో. కొంతకాలం ఆ ఊరి సుంకాల కార్యాలయంలో పనిచేసి, 1783లో మద్రాసు వచ్చి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరారు. నేలను కొలిచి పటాలు గీయడం ఆయన వృత్తి. 1797లో అమరావతి దిబ్బను చూసి అక్కడి శిల్పాల గురించి బయటి లోకానికి తెలియజేసిందీ ఆయనే.

ఊళ్ళ చరిత్ర తెలుసుకోవాలని కోరిక ఉన్నా, ఈ దేశ భాషలు మెకంజీకి పట్టుబడలేదు. 1796లో ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య ఆయన దగ్గర పనిలో చేరారు. అప్పటికి బొర్రయ్యకు ఇరవై ఏళ్ళు. తన పరిశోధనకు తలుపు తెరిచింది ఆ యువకుడేనని మెకంజీ తరువాతి రోజుల్లో రాసుకున్నారు.

1799లో టిప్పు సుల్తాన్ పతనమయ్యాక మైసూరు రాజ్యాన్ని సర్వే చేసే పని మెకంజీకి అప్పగించారు. మన పావగడ కూడా ఆ రాజ్యంలోదే. దాదాపు పదేళ్ళు సాగిన ఆ పనిలో సుమారు 40,000 చదరపు మైళ్ళ నేలకు పటాలు తయారయ్యాయి. కొలగొలుసుల వెంట కలాలూ కదిలాయి. మెకంజీ మనుషులు ఊరూరికీ వెళ్ళి కరణాలను, శానుభోగులను, గుడి పూజారులను, వృద్ధులను కలిసేవారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, పాళెగాడు ఎవరు, ఊరికి ఆ పేరెలా వచ్చింది అని అడిగి రాసుకునేవారు. అలా రాసిన ఊరి వృత్తాంతాలనే కైఫియత్తులు అంటారు. ఎక్కడి కైఫియత్తు అక్కడి భాషలోనే ఉండేది. అందుకే ఆ సేకరణలో తెలుగు, కన్నడం, తమిళం, మరాఠీ, సంస్కృతం అన్నీ కనిపిస్తాయి.

ఈ సర్వేలోనే బొర్రయ్య పాత కన్నడ లిపి శాసనాలను చదివే దారి కనిపెట్టారు. తెలుగు ఇంట పుట్టిన కుర్రాడు కన్నడ దేశపు రాళ్ళను మాట్లాడించాడన్నమాట. 1803లో, ముప్పై ఏళ్ళయినా నిండకుండానే ఆయన కన్నుమూశారు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత ఎత్తుకున్నారు. జైన పండితుడు ధర్మయ్య వంటి వారు తోడు నిలిచారు. 1816లో థామస్ హిక్కీ గీసిన మెకంజీ చిత్రంలో ఆయన పక్కన ముగ్గురు భారతీయ సహాయకులు కూడా ఉన్నారు.

1815లో మెకంజీ భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. తరువాత కలకత్తా చేరి, 1821 మే 8న మరణించారు. ఆయన భార్య దగ్గర నుంచి కంపెనీ ప్రభుత్వం ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. 1828లో హెచ్.హెచ్. విల్సన్ పట్టిక అచ్చువేస్తే లెక్క తేలింది. 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక వృత్తాంతాలు, 8,076 శాసన నకళ్ళు, 6,218 నాణేలు!

అంత సంపద ఉన్నా దాన్ని చదవగలిగిన వారు కలకత్తాలో ఎంతమంది? ఆ పని కొనసాగించడానికి అనుమతి ఇమ్మని లక్ష్మయ్య అడిగారు. ఆ రాతల ఆనుపానులు ఆయనకంటే బాగా తెలిసినవారు లేరు. అయినా అలాంటి పనికి భారతీయుడు చాలడని కలకత్తా ఆసియాటిక్ సొసైటీలోని పెద్దలు తోసిపుచ్చారు. సేకరణ ముక్కలైంది. కొంత లండన్ చేరింది, దక్షిణాది భాషల రాతలు చాలావరకు మద్రాసు వచ్చాయి. చివికిపోతున్న కైఫియత్తులకు సి.పి. బ్రౌన్ నకళ్ళు రాయించబట్టి ఎన్నో దక్కాయి. అవి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చేరాయి. ఆ భాండాగారం ఎన్నో దశాబ్దాలు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనంలోనే ఉండి, అన్ని భాషల పరిశోధకులనూ ఒకే కప్పు కిందికి రప్పించింది.

తరువాత ఆ రాతలు మళ్ళీ మన దగ్గరికి నడిచివచ్చాయి. కన్నడ కైఫియత్తులను హంపి కన్నడ విశ్వవిద్యాలయం అచ్చువేసింది. కడప జిల్లా తెలుగు కైఫియత్తులను యోగి వేమన విశ్వవిద్యాలయానికి చెందిన బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ప్రచురించింది. ఇంత జరిగినా చదవాల్సినవి ఇంకా మిగిలే ఉన్నాయి. బీరువాలో ఎన్ని భాషలున్నా, ఆ భాషలు వచ్చిన మనిషి రాకపోతే అవి వట్టి కాగితాలే.

అందుకే తెలుగు మాధ్యమంలో చదువుతూ కన్నడం కూడా నేర్చుకుంటున్న పిల్లలు తమకు రెండు బరువులు పడ్డాయని దిగులు పడనక్కర్లేదు. హంపి పుస్తకాన్నీ కడప పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకొని చదవగలిగేది వారే. ఉపాధ్యాయులు ఈ ఏడాది ఒక్క పని చేయించవచ్చు. ప్రతి విద్యార్థీ తన ఊరి చెరువు గురించో గుడి గురించో ఇద్దరు పెద్దలను అడిగి, వారు చెప్పింది చెప్పిన భాషలోనే ఒక పుటలో రాయాలి. చెప్పినవారి పేరు, తేదీ కింద వేయాలి. ఆ పుటలన్నీ కుట్టి బడి గ్రంథాలయంలో ఉంచితే, అదే మన ఊరి కైఫియత్తు అవుతుంది.