పాత చట్టాన్ని మార్చిన గని కార్మికుడు: అనైరిన్ బెవాన్
— బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి

మన వార్షిక సంచికలో ఏటా ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీ. సి.వి.రామన్, మేడమ్ క్యూరీ వంటి వారి గురించి సీనియర్లు రాసేశారు. నేను సైన్సు విద్యార్థినే అయినా, ఈసారి సైన్సుతో ఏ సంబంధమూ లేని, పదమూడో ఏట బడి మానేసిన ఒక మనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు అనైరిన్ బెవాన్. బ్రిటన్‌లో జబ్బు చేసినవాడు జేబు తడుముకోకుండా డాక్టరు గడప తొక్కగలిగాడంటే అది ఈయన చలవే. అదే కాలంలో అదే దేశంలో బెవరిడ్జ్ అని ఒకరూ, బెవిన్ అని మరొకరూ ఉన్నారు. ముగ్గురూ వేర్వేరు మనుషులని మిత్రులు గమనించాలి.

బెవాన్ 1897 నవంబరు 15న వేల్స్‌లోని ట్రెడీగర్ అనే బొగ్గుగనుల ఊళ్ళో పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. పదిమంది పిల్లల్లో ఈయనొకడు. చిన్నప్పుడు నత్తి. బళ్ళో అది వెక్కిరింతలకు కారణమైంది. బడి మాని గనిలో దిగాక, కార్మికులు తమ చందాలతో నడుపుకునే గ్రంథాలయమే ఆయనకు కళాశాల అయింది. నత్తి వచ్చే మాట ఎదురైతే దానికి బదులు మరో మాట వెతుక్కునేవాడట. అలా పోగైన మాటలతోనే తర్వాత పార్లమెంటులో చర్చిల్ అంతటివాణ్ణి ఎదిరించి నిలబడ్డాడు. 1925లో తండ్రి ఊపిరితిత్తుల్లో బొగ్గుధూళి పేరుకొని కన్నుమూశాడు. అప్పటి చట్టం దాన్ని వృత్తిరీత్యా వచ్చే జబ్బుగా లెక్కించలేదు గనుక ఒక్క పెన్నీ పరిహారం రాలేదు.

ట్రెడీగర్‌లో ఒక వైద్య సహాయ సంఘం ఉండేది. మన పల్లెల్లో పాల సంఘం ఉన్నట్టు అన్నమాట. కార్మికులు కూలిలో కొద్ది భాగం దానికి కట్టేవారు. సంఘమే జీతమిచ్చి డాక్టర్లను పెట్టుకునేది. ఇల్లాలికీ పిల్లలకీ కూడా వైద్యం దక్కేది. కాలక్రమేణా ఊళ్ళో నూటికి తొంభై అయిదు మంది దాని నీడలోకి వచ్చారు. నవలాకారుడు ఎ.జె.క్రోనిన్ 1920 దశకం మొదట్లో డాక్టరుగా ఇక్కడే పనిచేశాడు. బెవాన్ అక్కడి ఆసుపత్రి కమిటీలో కూర్చుని లెక్కాజమా అంతా దగ్గరుండి చూశాడు. 1929లో పార్లమెంటు సభ్యుడయ్యాడు.

ఇక దేశమంతటికీ ఉన్న ఏర్పాటు సంగతి. 1911లో లాయిడ్ జార్జ్ ఆరోగ్య బీమా చట్టం తెచ్చాడు. మగ కార్మికుడు వారానికి 4 పెన్నీలు, యజమాని 3, ప్రభుత్వం 2 వేస్తే, కార్మికుడికి జబ్బు సెలవు భత్యమూ, నమోదు చేసుకున్న డాక్టరు చేత వైద్యమూ దొరికేవి. ఆ రోజులకు అది గొప్ప మేలే, కాదనలేం. కానీ చందా కట్టినవాడికే వైద్యం. భార్యకు లేదు, పిల్లలకు లేదు. క్షయకు తప్ప ఆసుపత్రి ఖర్చు లేదు. పైగా డబ్బు నడిచేది ప్రభుత్వం ఆమోదించిన సొసైటీల చేతుల మీదుగా. వాటిలో పెద్ద పెద్ద బీమా కంపెనీలూ ఉన్నాయి. డబ్బున్న సొసైటీ సభ్యుడికి పళ్ళ వైద్యం కూడా దక్కేది, లేని సొసైటీ సభ్యుడికి దక్కేది కాదు. 1936లో సవరణలన్నీ కలిపి చట్టాన్ని తిరిగి కూర్చారే గానీ లోపల సరుకు మారలేదు.

అన్ని లోపాలుంటే తీసేయొచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఒక చట్టం ముప్ఫయ్యేళ్ళు నడిచిందంటే దాని మీద బతికేవాళ్ళు తయారవుతారు. సొసైటీలకు గుమాస్తాలు, ఏజెంట్లు ఉన్నారు. డాక్టర్లకు దాని ద్వారా నికరమైన రాబడి ఉంది. విచిత్రమేమంటే 1911లో ఆ చట్టాన్ని కాదని లేచిన బ్రిటిష్ మెడికల్ అసోసియేషనే, 1930లకు వచ్చేసరికి దాన్నే భార్యాబిడ్డలకూ విస్తరిస్తే చాలునని వాదించింది. అంటే ఉన్న గుడిసెకే ఇంకో వసారా దించమన్నారు. బెవాన్ కొత్త ఇల్లు కడతానన్నాడు.

1942 డిసెంబరులో బెవరిడ్జ్ నివేదిక వచ్చింది. 1945 జూలైలో లేబర్ పార్టీ గెలిచింది. ప్రధాని అట్లీ, నలభై ఏడేళ్ళ బెవాన్‌ను ఆరోగ్యమంత్రిని చేశాడు. మొదటి పోరు సొంత కేబినెట్‌లోనే జరిగింది. దేశంలో వెయ్యికి పైగా ధర్మాసుపత్రులు, పదిహేను వందలకు పైగా స్థానిక సంస్థల ఆసుపత్రులు ఉన్నాయి. వీటన్నిటినీ జాతీయం చేస్తానని బెవాన్ అంటే, స్థానిక సంస్థల్లో పెరిగి వచ్చిన హెర్బర్ట్ మారిసన్ గట్టిగా అడ్డం తిరిగాడు. అట్లీ బెవాన్ వైపు మొగ్గాడు. సొసైటీల పని తీర్చింది జేమ్స్ గ్రిఫిత్స్ తెచ్చిన మరో చట్టం. ఆయనా వేల్స్ గని కార్మికుడే! జాతీయ ఆరోగ్య సేవ చట్టం 1946 నవంబరు 6న ఆమోదం పొందింది. వైద్యం అందరికీ అందాలన్న సూత్రాన్ని ఒప్పుకున్న కన్సర్వేటివ్‌లు బెవాన్ బిల్లుకు మాత్రం వ్యతిరేకంగా ఓటు వేశారు.

చట్టమైతే అయింది, కానీ డాక్టర్లు రాకపోతే అది కాగితమే. అప్పట్లో డాక్టరు తన ప్రాక్టీసును, మనం పొలం కొన్నట్టు, అప్పు చేసి కొనుక్కునేవాడు. రిటైరయ్యేటప్పుడు అమ్ముకునేవాడు. అందుకే డబ్బున్న ఊళ్ళలో డాక్టర్లు కిక్కిరిసి, గనుల ఊళ్ళలో కరువుగా ఉండేవారు. ఆ అమ్మకాన్ని కొత్త చట్టం నిషేధించి, 660 లక్షల పౌండ్లు పరిహారంగా కేటాయించింది. అయినా ప్రభుత్వ జీతగాళ్ళమైపోతామని వాళ్ళ భయం. 1948 ఫిబ్రవరిలో అసోసియేషన్ ఓటింగు పెడితే 40,814 మంది వద్దన్నారు, 4,735 మంది మాత్రమే సరేనన్నారు. ప్రారంభానికి అయిదు నెలలే గడువు!

బెవాన్ ఎదుటిపక్షాన్ని రెండుగా చీల్చాడు. పెద్దాసుపత్రుల స్పెషలిస్టులకు, ప్రభుత్వ ఆసుపత్రిలోనే కొన్ని పడకల మీద డబ్బు కట్టే రోగులను చూసుకునే వీలిచ్చాడు. ప్రతిభకు అదనపు భత్యం పెట్టాడు. లార్డ్ మొరాన్ వంటి పెద్ద వైద్యులు మెత్తబడ్డారు. పేటల్లోని మామూలు డాక్టర్లకు, మిమ్మల్ని పూర్తి జీతగాళ్ళను చేయబోమని చట్టంలోనే రాస్తామని ఏప్రిల్‌లో మాటిచ్చాడు. మే నెలలో మళ్ళీ ఓటింగు పెడితే వద్దన్నవాళ్ళు సుమారు 26 వేలకు తగ్గారు. అసోసియేషన్ దిగివచ్చింది. ఉన్నవాళ్ళకు పడకలు వదలడం నాకు నచ్చలేదు. కానీ కాలువ చివరి చేలకు నీళ్ళు పారాలంటే మొదటి తూము దగ్గరి ఆసామితో ఎంతో కొంత రాజీ పడక తప్పదని రైతుబిడ్డగా నాకు తెలుసు. ఆయన వదలనిది ఒక్కటే, వైద్యం పొందే చోట రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదన్నది.

ప్రారంభానికి ముందురోజు మాంచెస్టర్ సభలో కన్సర్వేటివ్‌లను క్రిమికీటకాల కన్నా హీనులని తిట్టిపోశాడు. ఇది మాత్రం ఆయన నోటి దురుసే. పార్టీకి అది చాలా చేటు చేసింది. 1948 జూలై 5న సేవ మొదలైంది. ఆసుపత్రులకు కళ్ళద్దాల కోసం, కట్టుడు పళ్ళ కోసం జనం బారులు తీరారు. ఏళ్ళ తరబడి గర్భసంచి జారి, ఎవరికీ చెప్పుకోలేక పనులు చేసుకున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా బయటికొచ్చారు. ఇది చదువుతూ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మా అమ్మ గాల్‌బ్లాడర్‌లో రాళ్ళ నొప్పిని రెండు పంటల కాలం మాకు తెలియనీయలేదు. మిరపకాయలు అమ్మాక గానీ ఆస్పత్రికి బయలుదేరలేదు. ఆ 1948 ఏప్రిల్‌లోనే మన దేశంలో ఇ.యస్.ఐ. చట్టం వచ్చింది. అది ఫ్యాక్టరీ కార్మికులకు, చందా పద్ధతిలో. అంటే బ్రిటన్ వదిలించుకుంటున్న దారిలోనే మనం మొదటి అడుగు వేశాం. రైతూ, రైతుకూలీ అందులో లేరు. పేదలకు పెద్ద జబ్బుల ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ మన ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది 2007లో.

అంచనా కన్నా ఖర్చు మించిపోయింది. 1951లో కొరియా యుద్ధం వల్ల ఆయుధాల బడ్జెట్ పెరిగి, ఆర్థికమంత్రి గేట్‌స్కెల్ కళ్ళద్దాలకూ కట్టుడు పళ్ళకూ సగం ధర వసూలు చేస్తానన్నాడు. ఆ ఏడాదికి మిగిలేది 130 లక్షల పౌండ్లు. ఆయుధాలకు మూడేళ్ళలో పెట్టదలచింది 470 కోట్ల పౌండ్లు. అప్పటికి కార్మిక మంత్రిగా ఉన్న బెవాన్ ఏప్రిల్‌లో రాజీనామా చేశాడు. ఆయనతోపాటు హెరాల్డ్ విల్సన్ కూడా బయటికొచ్చాడు. పార్టీ నిట్టనిలువునా చీలింది, అక్టోబరులో ఓడిపోయింది. వచ్చిన కన్సర్వేటివ్‌లు 1952లో మందుల చీటీకి రుసుము పెట్టారు గానీ, తాము వ్యతిరేకించిన చట్టాన్ని రద్దు చేయలేకపోయారు. దుబారా జరుగుతోందేమో చూడమని వాళ్ళే వేసిన గిలిబౌడ్ కమిటీ, 1956లో దుబారా లేదని తేల్చింది. అప్పటికి ఆ చట్టం మీద బతికేవాళ్ళు దేశమంతా ఉన్నారు మరి.

బెవాన్ చివరి ఏళ్ళు బకింగ్‌హామ్‌షైర్‌లో ఒక వ్యవసాయ క్షేత్రం కొనుక్కుని అక్కడే ఉన్నాడు. 1960 జూలై 6న కడుపులో కేన్సర్‌తో మరణించాడు. ఆరోగ్య సేవకు పన్నెండేళ్ళు నిండి అప్పటికి ఒక్క రోజు. ఆయన చితాభస్మాన్ని ట్రెడీగర్ పైనున్న కొండల మీద చల్లారు. ఆయన పదవి వదులుకోవడానికి కారణమైన పళ్ళ రుసుము ఇప్పటికీ ఉంది. మందుల చీటీ రుసుమును మాత్రం ఆయన పుట్టిన వేల్స్‌లో 2007లో ఎత్తేశారు.